స్కానింగు చేయువారి భుజబాధ

ఇటలీ దేశమందలి మోడెనా నగరములో బెర్నార్డినో రామజ్జీని అను వైద్యుడుండెను. ఆయన 1700 వ సంవత్సరములో, ఆయా వృత్తులవారికి వచ్చు వ్యాధులను గూర్చి లాటిను భాషలో ఒక గ్రంథము ప్రకటించెను. వైద్యుడు రోగిని అడుగవలసిన పాతప్రశ్నలకు తోడు "నీవు చేయు పని యేమి?" అన్న ప్రశ్నను కూడ చేర్చుకొనవలెనని ఆయన బోధించెను. గనులలో పనిచేయువారు, కుమ్మరులు, అద్దములు చేయువారు, బట్టలుతుకువారు మొదలైన వారి బాధలను మొదట వర్ణించి, 1713 లో వెలువడిన రెండవ కూర్పులో లేఖకులను కూడ చేర్చెను. దినమంతయు కలము పట్టి వ్రాయువారికి చేయి యావత్తు బడలి, పట్టు తప్పుట ఆయన గమనించెను. దానికి ఆయన చూపిన కారణములు మూడు: కదలక కూర్చుండుట, చేతిని ఎల్లప్పుడు ఒకే తీరున ఆడించుట, తప్పు దొర్లకుండ మనస్సును బిగబట్టుట.

ఈ మూడు కారణములును ఒక్కచోట చేరిన వృత్తి యొకటి ఇరువదవ శతాబ్దములో పుట్టినది. అదియే స్కానింగు. ఈనాడు చిన్న పట్టణములలో కూడ స్కానింగు బోర్డు లేని ఆసుపత్రివీధి అరుదు. చీకటిగా నున్న గదిలో రోగి బల్లమీద పరుండును. పరీక్షచేయువారు చర్మమునకు చల్లని జెల్లు పూసి, అరచేతిలో ఇముడు ప్రోబును అదిమి అటునిటు త్రిప్పుచుందురు. తెరమీద కాలేయమో, మూత్రపిండమో, గర్భస్థశిశువో కనబడును. రోగి చూపును, బంధువుల చూపును ఆ బొమ్మమీదనే నిలుచును. ప్రోబును పట్టిన చేతిని చూచువారుండరు. కాని ఆ చేయి దినమునకు ఎన్నో గంటలు గాలిలో నిలబడి పనిచేయుచున్నది. అమెరికా, కెనడా, బ్రిటను దేశములలో ఈ పనిచేయువారిని ప్రశ్నించినపుడు నూటికి ఎనుబది తొంబదిమంది తమకు మెడలోనో, భుజములోనో, మణికట్టులోనో నొప్పి కలదని చెప్పిరి.

రోగికి ఏ బాధయు కలిగింపని పరీక్ష అని పేరుపొందినది, చేయువారికి ఇంత బాధ యెందుకు కలిగించును? దీనికి సమాధానము కొంత ధ్వనిశాస్త్రములోను, కొంత ఉన్నతపాఠశాలలో చదువు తులాదండముల పాఠములోను, మిగిలినది కండరముల స్వభావములోను ఉన్నది.

చెవికి వినరాని ధ్వని

మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు కంపనములు గల ధ్వనులను వినగలదు. అంతకు మించినది అతిధ్వని. స్కానింగులో వాడు ధ్వని సెకనుకు సుమారు 20 లక్షలు మొదలు 150 లక్షలసార్లు కంపించును. దీనిని పుట్టించు ఉపాయమునకు మూలము 1880 లో ఫ్రాన్సు దేశపు సోదరులు జాక్ క్యూరీ, పియరీ క్యూరీ కనుగొన్న విషయము. క్వార్ట్జువంటి కొన్ని స్ఫటికములను నొక్కినచో వాని ముఖములపై విద్యుదావేశము పుట్టును. దీనికి విలోమముగా, విద్యుత్తు నిచ్చినచో ఆ స్ఫటికములు ముడుచుకొని విచ్చుకొనును. త్వరితముగా మారు విద్యుత్తు నిచ్చినచో అవి అంత త్వరితముగా కంపించి ధ్వనిని వెలువరించును. ప్రోబు కొనయందు ఇట్టి గుణముగల పింగాణి జాతి పదార్థపు పలుకులు వరుసగా అమర్చబడి యుండును. ధ్వనిని పంపునవియు, తిరిగివచ్చు ప్రతిధ్వనిని గ్రహించునవియు అవియే.

మెత్తని కణజాలములో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్లు పోవును. 10 సెంటీమీటర్ల లోతున నున్న అవయవమునుండి ప్రతిధ్వని వచ్చుటకు పట్టు కాలమును విద్యార్థులు తామే గణింపవచ్చును. అది సెకనులో పదివేలవ వంతుకంటె కొంచెము ఎక్కువ. ఈ కాలమును కొలిచి యంత్రము లోతును నిర్ణయించును.

వైద్యమున దీనిని ప్రసిద్ధికి తెచ్చినవారిలో స్కాట్లండులోని గ్లాస్గో నగరపు ప్రసూతివైద్యుడు అయాన్ డొనాల్డ్ ముఖ్యుడు. ఆయన 1955 లో, శస్త్రచికిత్సచేసి తీసివేసిన కంతులను కారులో వేసికొని, బాయిలర్లు తయారుచేయు ఒక కర్మాగారమునకు పోయెను. అచ్చట లోహములోని పగుళ్లను కనిపెట్టుటకు అతిధ్వని యంత్రమును వాడుచుండిరి. ఇనుములోని పగులును చూపునది మాంసములోని కంతిని చూపదా అని ఆయన ప్రశ్న. చూపినది. టామ్ బ్రౌన్ అను యువ ఇంజనీరు యంత్రనిర్మాణములోను, జాన్ మెక్‌వికార్ అను వైద్యుడు పరీక్షలలోను తోడ్పడగా, 1958 లో ఆ పరిశోధన లాన్సెట్ పత్రికలో వెలువడినది.

తొలినాటి యంత్రములలో ప్రోబు ఒక పెద్ద చట్రమునకు కీళ్లుగల లోహపు చేతితో తగిలింపబడి యుండెడిది. ఆ బరువును యంత్రమే మోసెడిది. తరువాత, కదలు బొమ్మను అప్పటికప్పుడు చూపు యంత్రములు వచ్చినవి. చట్రము పోయి, ప్రోబు చేతిలోనికి వచ్చినది. బొమ్మ మెరుగైనది, పరీక్ష తేలికైనది. కాని లోహపు చేయి చేసిన పని అప్పటినుండి మనిషి చేయి చేయుచున్నది. ఈ మార్పు వ్యాప్తిచెందిన కొలదికాలమునకే, 1985 లో, ఈ వృత్తి ఆరోగ్యమునకు అపాయకరమగునా అని ప్రశ్నించు వ్యాసము అమెరికాలోని సోనోగ్రాఫర్ల పత్రికలో వెలువడినది. భుజముల నొప్పిని గూర్చిన తొలి హెచ్చరిక అదియే.

అదుముట యెందుకు?

ప్రోబు బరువైనది కాదు. దానిని చర్మమునకు తాకించిన చాలునుగదా, అదుమవలసిన అగత్యమేమి? గాలిలోనుండి ధ్వని చర్మములోనికి దాదాపు పోనేపోదు. వేయిపాళ్లలో తొమ్మిదివందల తొంబదితొమ్మిది పాళ్లు వెనుకకు మరలిపోవును. అందువలననే నడుమ గాలిపొర లేకుండ జెల్లు పూయుట. కాని జెల్లుతో తీరని చిక్కు మరియొకటి కలదు.

ధ్వని కణజాలములో పోవుకొలది క్షీణించును. కంపనసంఖ్య హెచ్చుకొలది బొమ్మ సూక్ష్మముగా నుండును గాని క్షీణతయు హెచ్చును. సెకనుకు 40 లక్షల కంపనములు గల ధ్వని, సగటున, సెంటీమీటరు దూరమునకు 2 డెసిబెల్లులు తగ్గును. పోవుటలో 2, వచ్చుటలో 2. అనగా లోతు ఒక సెంటీమీటరు హెచ్చినచో 4 డెసిబెల్లుల నష్టము. 10 డెసిబెల్లులు తగ్గుట యనగా తీవ్రత పదవవంతుకు దిగుట. కనుక రెండున్నర సెంటీమీటర్ల కొవ్వు అడ్డువచ్చినచో ప్రతిధ్వని పదవవంతగును. 5 సెంటీమీటర్లు వచ్చినచో నూరవవంతగును. స్థూలకాయుని పొట్టపై ప్రోబును గట్టిగా అదిమి, ఆ కొవ్వును కొంత ప్రక్కలకు నెట్టి రెండు మూడు సెంటీమీటర్లు లోనికి పోగలిగినచో, అంతవరకు మసకగా నున్న బొమ్మ స్పష్టమగును. పరీక్షచేయువారు ఈ లెక్కను కాగితముమీద వేయకపోవచ్చును; వారి చేయి ఎరుగును. బొమ్మ బాగుగా రావలెనన్న శ్రద్ధ గలవారే ఎక్కువ అదుముదురు. ఎక్కువ బాధపడునదియు వారే. ఈ వృత్తిలోని చిక్కు ఇదియే.

చేయి యొక తులాదండము

ఇప్పుడు చేతిని ఎత్తియుంచుట సంగతి. 60 కిలోగ్రాముల బరువుగల మనుష్యుని ఒక్క చేయి సుమారు 3 కిలోగ్రాములుండును. చేతిని ప్రక్కకు చాచినపుడు దాని గరిమనాభి భుజపు కీలునుండి సుమారు 30 సెంటీమీటర్ల దూరములో నుండును. ఈ చేతిని ఎత్తి పట్టునది భుజముపై త్రికోణాకారముగా కప్పియున్న కండరము. అది లాగు రేఖ కీలునుండి సుమారు 3 సెంటీమీటర్ల దూరములోనే పోవును. ఆధారము భుజము, కొనవైపు భారము, నడుమ బలము. కనుక ఇది పట్టకారువలె మూడవ తరగతి తులాదండము. భారమును భారభుజముతో గుణింపగా 3 × 30 = 90. బలభుజము 3. కనుక కండరము లాగవలసిన బలము 30 కిలోగ్రాముల బరువుతో సమానము. చేతిలో ప్రోబు లేనిదే, ఊరక చేయి చాచియుంచుటకే, బస్తాలో మూడవవంతు బియ్యమును ఎత్తిపట్టినంత పని భుజకండరమునకు పడుచున్నది.

చేయి పూర్తిగా చాచక కొంచెము వాల్చినచో భారభుజము తగ్గును. శరీరమునకును చేతికిని నడుమ కోణము 90 డిగ్రీలున్నపుడు భారభుజము 30 సెంటీమీటర్లైనచో, 30 డిగ్రీలున్నపుడు అది 15 సెంటీమీటర్లే. త్రికోణమితి చదివినవారు ఇది కోణముయొక్క సైను ననుసరించి మారునని వెంటనే చెప్పగలరు. 75 డిగ్రీలనుండి 30 డిగ్రీలకు చేతిని దించినచో భారము నూటికి 48 పాళ్లు తగ్గవలెను. 2006 లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, స్కానింగు చేయువారి భుజకండరములపై చర్మమునకు విద్యుద్ధ్రువములు అంటించి, కండరము పనిచేయునపుడు పుట్టు విద్యుత్తును కొలిచిరి. 75 డిగ్రీలనుండి 30 డిగ్రీలకు దించగా కండరముల పని నూటికి 46 పాళ్లు తగ్గినది. దానికి తోడు ముంజేతిని ఒక ఆధారముపై ఆనించగా మొత్తము తగ్గుదల 78 పాళ్లైనది. కండరపు విద్యుత్తు దాని బలమునకు సరిగా అనులోమానుపాతములో నుండదు. మోచేయి వంగినపుడు లెక్కయు మారును. అయినను, నల్లబల్లమీద వేసిన లెక్కయు, ప్రయోగశాలలో కొలిచిన సంఖ్యయు ఇంత దగ్గరగా వచ్చుట చూడదగిన విషయము.

కదలని కండరము

బరువు మోయువారందరికి ఈ బాధ ఏల రాదు? కండరమునకు పని అపాయకరము కాదు. విరామములేని పని అపాయకరము. నడచునపుడు కాలి కండరము ఒకసారి ముడుచుకొనును, ఒకసారి సడలును. సడలినపుడు రక్తము లోనికి వచ్చి ప్రాణవాయువును తెచ్చును. ముడుచుకొన్నపుడు వాడిన రక్తము బయటికి పోవును. కండరము తనకు తానే పంపువలె తోడ్పడును. కాని చేతిని ఒకేచోట ఎత్తి నిలిపినపుడు కండరము ముడుచుకొనియే యుండును. లోపలి ఒత్తిడి పెరుగును. అతిసూక్ష్మములైన కేశనాళికలలో రక్తపు ఒత్తిడి సుమారు 30 మిల్లీమీటర్ల పాదరసమునకు మించదు. కండరములోని ఒత్తిడి దానిని దాటినచో రక్తప్రసారము మందగించును. ప్రాణవాయువు చాలక కండరములో మలినపదార్థములు పేరుకొనును; మంట, బరువు, నొప్పి తోచును.

దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒక విద్యార్థి పిడికిలిని అరనిమిషము గట్టిగా బిగించి విప్పినచో అరచేయి పాలిపోయి, పిదప మెల్లగా ఎర్రబడుట కనబడును. మరియొకనిని ఒక చేయి ప్రక్కకు చాచి కదలక నిలువుమని, వేరొకనిని అంతసేపును చేయి ఎత్తుచు దించుచు ఉండుమని చెప్పవలెను. ఎత్తి దించువాడు ఎక్కువ శ్రమ చేయుచున్నట్లు కనబడును. కాని ముందు "చాలు" అనువాడు ఎవడో గడియారము చూచి తెలిసికొనవచ్చును. నల్లబల్లపై పైవరుసలో పెద్ద లెక్క వ్రాసిన ఉపాధ్యాయునకు ఈ ప్రయోగము అక్కరలేదు!

జర్మనీ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు రోమెర్ట్ 1960 లో, కండరము ఎంత బలముతో ముడుచుకొన్నచో ఎంతసేపు నిలువగలదో కొలిచెను. దాని పూర్తి బలములో సగముతో సుమారు ఒక నిమిషమే నిలిచినది. బలము నూటికి 15 పాళ్లకు తగ్గినచో చాలసేపు నిలువగలదని ఆనాడు తోచినది. అందుచేత తేలికైన పని ఎంతసేపు చేసినను హానిలేదని చాలమంది తలంచిరి. తరువాతి ప్రయోగములలో నూటికి 5 పాళ్ల బలముతో ఒక గంట పట్టియుంచినను కండరమునకు బడలిక కలుగునని తేలినది.

దీనికి ఒక వివరణ కలదు. కండరము అనేక తంతువుల కట్ట. ఎల్వుడ్ హెనెమన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1957 మొదలుకొని చేసిన పరిశోధనలలో, కండరము పని ప్రారంభించునపుడు చిన్న నాడీకణముల క్రిందనున్న తంతువులు మొదట పనికి దిగుననియు, బలము ఎక్కువ కావలసినపుడే పెద్దవి వచ్చి చేరుననియు తెలిసినది. పని తేలికైనను, బరువైనను చిన్నవి పనిచేయుచునే యుండవలెను. ఇంటిలో అందరికంటె ముందు లేచి, అందరును నిద్రించిన పిమ్మట పరుండు కోడలివంటివి అవి. స్వీడను దేశపు హాగ్ 1991 లో ఈ తంతువులకు పాశ్చాత్యుల కథలోని సిండ్రెల్లా పేరు పెట్టెను. తేలికపని గంటలకొలది చేయువారికి కండరములు చెడుటకు ఈ తంతువులకు విశ్రాంతి లేకపోవుటయే కారణమని ఆయన ఊహ. ఇది ఇంకను ఊహయే. శాస్త్రజ్ఞులందరు అంగీకరించినది కాదు. కాని అనుభవమునకు సరిపోవుచున్నది.

నొప్పి చేరు చోట్లు

ఎక్కువగా బాధపడునది భుజము. రెక్కయెముక పైభాగమున ఒక చిన్న కండరము కలదు. దాని స్నాయువు, అనగా కండరమును ఎముకకు కట్టు త్రాడు, భుజముమీది ఎముక కప్పు క్రిందుగా ఇరుకు మార్గమున పోయి చేతియెముక తలకు అంటుకొనును. చేతిని ప్రక్కకు ఎత్తినపుడు ఈ ఇరుకు మరింత ఇరుకగును, స్నాయువు నలుగును. స్నాయువునకు సహజముగనే రక్తప్రసారము తక్కువ కనుక నలిగినది త్వరగా మానదు. మొదట సాయంత్రము మాత్రమే తోచిన నొప్పి, కొన్నినెలలకు నిద్రలో ఆ ప్రక్కకు తిరుగనీయదు. చివరకు తల దువ్వుకొనుటయు కష్టమగును.

తరువాతిది మణికట్టు. ఎనిమిది చిన్న ఎముకలు అడుగును, గోడలుగను, ఒక గట్టి బంధనము కప్పుగను ఏర్పడిన సొరంగము మణికట్టులో కలదు. దానిలోనుండి వ్రేళ్లను ముడుచు తొమ్మిది స్నాయువులును, ఒక నాడియు పోవును. మణికట్టు వంచి గట్టిగా పట్టినపుడు సొరంగములో ఒత్తిడి పెరిగి నాడి నలుగును. అప్పుడు బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము తిమ్మిరెక్కును. చిటికెనవ్రేలికి ఏమియు కాదు. ఈ గుర్తునుబట్టియే వైద్యులు ఏ నాడి నలిగినదో చెప్పగలరు. సన్నని ప్రోబును వ్రేళ్ల కొనలతో పట్టవలసియుండును. పిడికిలితో పట్టుబలములో సుమారు నాలుగవ వంతు మాత్రమే వ్రేళ్ల కొనలకు కలదు. దానికితోడు జెల్లు అంటిన తొడుగు జారును. జారకుండుటకు మరింత బిగింపు.

మెడ సంగతి వేరు. కుడిచేయి రోగిమీద, ఎడమచేయి యంత్రపు మీటలమీద, కండ్లు తెరమీద. మూడును మూడు దిక్కులలో నుండును. తెర ప్రక్కగా నున్నచో మెడ మెలిపడియే యుండును. గుండెపరీక్షలో కొందరు రోగి శరీరముమీదుగా వంగి అవతలి ప్రక్కకు ప్రోబును చాపవలెను. అప్పుడు నడుమును చేరును.

లెక్కలు చెప్పునది

అమెరికాలో 1997 లో ప్రకటింపబడిన పరిశీలనలో నూటికి 80 మందికి పైగా ఇట్టి బాధ కలదనిరి. కెనడాలోని బ్రిటిషు కొలంబియా రాష్ట్రపు సోనోగ్రాఫర్లను గూర్చి 2002 లో వచ్చిన పరిశీలనలో ఆ సంఖ్య 91. అమెరికాలో 2,963 మందినుండి సమాధానములు సేకరించి 2009 లో ప్రకటించిన దానిలో 90. ఈ సంఖ్యలను చదువునపుడు కొంత జాగ్రత్త వలయును. నొప్పి గలవారు ప్రశ్నాపత్రమునకు శ్రద్ధగా బదులు వ్రాయుదురు. లేనివారు మూల పారవేయుదురు. కొలదినొప్పియు, పని మానిపించు నొప్పియు ఒకే గంపలో పడును. అయినను వేరువేరు చోట్ల, వేరువేరు సంవత్సరములలో అడిగినను సంఖ్య ఎనుబదికి దిగకుండుట విస్మరింపరానిది. వీరిలో కొందరు వృత్తినే విడువవలసి వచ్చినది. ఒక సోనోగ్రాఫరు నేర్పు సంపాదించుటకు సంవత్సరములు పట్టును. ఆ నేర్పు బొమ్మను చూచు కంటిలోనే కాదు, ప్రోబును త్రిప్పు చేతిలో నుండును. చేయి పోయినచో ఆ నేర్పు ఎవరికిని అందకుండ పోవును. మిగిలినవారిపై రోగుల బరువు హెచ్చి వారి భుజములును అదే దారి పట్టును.

విచిత్రమేమనగా యంత్రములు మెరుగైన కొలది నొప్పి తగ్గలేదు. పూర్వము బొమ్మలను ఫిల్ముమీద తీసెడివారు. పరీక్ష ముగియగానే ఫిల్మును చీకటిగదికి తీసికొనిపోయి కడిగించి, ఆరినదానిని దీపపుబల్లకు తగిలించి చూచెడివారు. ఆ నడకలో, ఆ ఎదురుచూపులో, భుజము క్రిందికి వ్రేలాడి సేదతీరెడిది. విశ్రాంతి అని దానికెవరును పేరు పెట్టలేదు. సమయము వృథా అని మాత్రమే తలచిరి. కంప్యూటరు వచ్చి బొమ్మను తృటిలో వైద్యుని గదికి చేర్చినది. మిగిలిన నిమిషములలో మరియొక రోగి వచ్చి పరుండెను. పనివేగమును పెంచు ఏర్పాటు చేయునపుడు, తీసివేసిన పనిలో దాగియున్న విశ్రాంతిని లెక్కించువారు ఈనాటికిని తక్కువ.

చేయదగినది

2003 లో అమెరికాలోని సోనోగ్రాఫర్ల సంఘము, యంత్రములు చేయువారితోను ఇతరులతోను కలిసి ఈ బాధల నివారణకు ప్రమాణములను ప్రకటించినది. వృత్తిరక్షణను గూర్చి పరిశోధించు ఆ దేశపు ప్రభుత్వసంస్థ 2006 లోను, బ్రిటను ప్రభుత్వపు ఆరోగ్యరక్షణ శాఖ 2012 లోను సూచనలు వెలువరించినవి. వీని సారము పైలెక్కలనుండియే ఊహింపవచ్చును. రోగిని బల్ల అంచుకు, పరీక్షచేయువారి దగ్గరకు జరుపవలెను. ఇది ఖర్చులేని పని. రోగిని "కొంచెము ఇటు జరుగు"మని అడుగుటకు మొగమాటము ఒక్కటే అడ్డు. బల్లయు, కుర్చీయు ఎత్తు తగ్గించి పెంచుటకు వీలైనవిగా నుండి, చేయి శరీరమునుండి 30 డిగ్రీలకు మించి ఎడముగా పోకుండ అమర్చుకొనవలెను. తెర ఎదురుగా, కంటిమట్టమున నుండవలెను. ప్రోబుతీగ బరువు మణికట్టుపై పడకుండ దానిని ముంజేతికి పట్టీతో కట్టవలెను. గుండెపరీక్షకు పరుపులో ఒకచోట కోసి తలుపువలె దించు బల్లలు వచ్చినవి; ఆ సందులోనుండి ప్రోబు సూటిగా గుండెకొన దగ్గరకు పోవును, వంగనక్కరలేదు.

మంచి కుర్చీ కొన్నంతమాత్రమున కార్యము తీరదు. ఒకే గదిలో ఉదయము పొడుగువారు, మధ్యాహ్నము పొట్టివారు పనిచేయుదురు. ఎత్తు మార్చుటకు మీట యున్నను, బయట రోగులు బారులు తీరియుండగా దానిని ముట్టనివారే ఎక్కువ. అందుచేత రోగుల సంఖ్యకు, పరీక్షల క్రమమునకు కూడ నియమము వలయును. కష్టమైన పరీక్షలు వరుసగా నాలుగు రాకుండ చూచుట, పరీక్ష నడుమ బొమ్మను నిలిపి కొలతలు తీయునపుడు ప్రోబు పట్టిన చేతిని దించుట, రెండుచేతులతోను స్కానింగు నేర్చుకొనుట మొదలైనవి సాధ్యములే. వేరొక చేతికి మార్పు మొదట ఎడమచేతితో వ్రాసినట్లుండును, నేర్చినవారు కలరు.

మనదేశములో పరిస్థితి కొంత భిన్నము. అమెరికా, బ్రిటనులలో ప్రోబు పట్టుట సోనోగ్రాఫరను ప్రత్యేక వృత్తి. మనదేశములో గర్భస్థశిశువు ఆడయో మగయో తెలిసికొని ఆడపిండములను తొలగించు దురాచారమును అరికట్టుటకు 1994 లో చట్టము చేయబడి, 2003 లో అది మరింత కట్టుదిట్టము చేయబడినది. దాని ప్రకారము, గర్భిణులకు తగిన అర్హతగల, నమోదైన వైద్యులే స్కానింగు చేయవలెను. ప్రతి గర్భిణికి వివరములతో ఒక పత్రము పూర్తిచేయవలెను. చట్టము అవసరమైనదే. అయితే, ప్రోబు పట్టు పనియు, బొమ్మను చదువు పనియు, పత్రము పని చూచుటయు ఒక్కరి భుజముపైననే పడినవి. తెలుగువారి ఆసుపత్రులలో టిఫ్ఫా స్కాను అని పిలువబడు పరీక్షలో, అయిదవనెలలో శిశువు అవయవములను ఒక్కొక్కటిగా చూడవలెను. శిశువు బోర్లపడి యున్నచో, తిరుగునంతవరకు చేయి ఎత్తి వెదుకుచుండవలెను. లేదా తల్లిని కొంచెము నడచి రమ్మని పంపవలెను. ఆ నడక తల్లికి ఎంత ఉపయోగమో, డాక్టరు భుజమునకు అంత ఉపయోగము.

కొత్తబల్లయు, కొత్తకుర్చీయు కొనలేని చిన్న ఆసుపత్రిలో కూడ ముంజేతికి ఆధారము దొరకును. తువాలు నొకదానిని గట్టిగా చుట్టియో, స్పాంజి దిమ్మనో రోగి ప్రక్కన బల్లమీద పెట్టి, మోచేతిని దానిమీద ఆనించుకొందురు. ప్రోబు కదలికకు అది అడ్డురాదు. చేతి బరువు భుజమును విడిచి బల్లమీదికి దిగును.